చెవిలో అరచెంచా గాలి

ధారూర్ స్టేషన్‌లో తాండూరు బండి కోసం నిలబడ్డప్పుడు మా అక్క కొడుకు తన ఇయర్‌ఫోన్ ఒకటి తీసి నా చెవిలో పెట్టాడు. డప్పు మీద నడిచే పాట అది.

“మామా, డప్పు ఇనవడ్తుంది గని దెబ్బ తగుల్తలేదు. చిన్న ఆంప్ పెడ్తె బేస్ వస్తదంటున్నరు దోస్తులు. కొనాల్నా?”

వాడు తాండూరులో ఒక నాపరాయి పాలిష్ యూనిట్‌లో లెక్కలు రాస్తాడు. జేబులో పట్టే హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ కొనాలంటే వాడికది ఆలోచించాల్సిన ఖర్చే. అందుకే అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చబుద్ధి కాలేదు.

నిజానికి వాడి మాటలోనే సగం శాస్త్రం ఉంది. డప్పు శబ్దంలో రెండు పొరలుంటాయి. పుల్ల తోలును తాకినప్పుడు పుట్టే చురుకైన చప్పుడు ఒకటి. తోలంతా ఒక్కసారిగా ఊగితే పుట్టే గుమ్ము రెండోది. మొదటిది వాడి చెవికి చేరుతోంది. రెండోది ఫోన్‌కీ కర్ణభేరికీ మధ్య ఎక్కడో జారిపోతోంది. ఎక్కడ జారుతోందో కనిపెడితే ఆంప్ కొనాలో వద్దో దానంతటదే తేలుతుంది.

గుమ్ముకు చోటు కావాలి

మనిషి చెవి సెకనుకు సుమారు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల దాకా వింటుంది. సెకనుకు ఒక కంపనాన్ని ఒక హెర్ట్జ్ అంటారు. బేస్ అని మనం పిలిచేది ఇంచుమించు 20 నుంచి 250 హెర్ట్జ్‌ల మధ్య ఉండే శబ్దం. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన 50 హెర్ట్జ్ శబ్దంలో ఒక్కో అల పొడవు దాదాపు 7 మీటర్లు. అంటే ఒక డీసీఎం బండి పొడవు. అదే 5,000 హెర్ట్జ్ అల 7 సెంటీమీటర్లు, మన బొటనవేలంత.

కింది స్వరానికి బరువో చోటో కావాలన్న సంగతి మన వాద్యాలు చేసినవాళ్ళకు చేతివేళ్ళతోనే తెలుసు. కచేరీకి ముందు మృదంగం ఎడమ మూత మీద తడి రవ్వ ముద్ద అద్దుతారు. బరువెక్కిన తోలు నెమ్మదిగా ఊగుతుంది, స్వరం కిందికి దిగుతుంది. మృదంగం, తబలా మూతల మీద అద్దే ఈ పూతల మహిమ గురించి సి.వి.రామన్ 1920లోనే ‘నేచర్’ పత్రికలో రాశారు. తోలు బిగువు మారకుండా కింది స్వరం కావాలంటే బరువైనా పెరగాలి, వైశాల్యమైనా పెరగాలి.

ఊరి సభల్లోనూ ఇదే చూస్తాం. నవంబరులో జరిగే ధారూర్ మెథడిస్ట్ జాతరలో గానీ, మరే ఊరి పండుగలో గానీ మైకు బూర కట్టారనుకోండి. మాట పొలాల దాకా స్పష్టంగా పోతుంది. డోలక్ గుమ్ము మాత్రం ఆ బూరలోంచి రాదు. అరమీటరు మూతి ఉన్న బూర ఏడు మీటర్ల అలను గాలిలోకి నెట్టలేదు. పెళ్ళి బరాత్‌లో డీజే వాళ్ళు మనిషెత్తు డబ్బాలు లారీ మీద పేర్చేది అందుకే. ఆ బరాత్ ఊరి అవతల ఉన్నప్పుడు పాట మాటలు అందవు గానీ ‘ధుమ్ ధుమ్’ మాత్రం ఇంట్లోకి వస్తుంది. పొడవైన అలలు గోడల అంచులు చుట్టి వస్తాయి, పొట్టివి గోడలకు తగిలి ఆగిపోతాయి.

అల పొడవుకు తగ్గ పరికరం కావాలన్న సూత్రం ధ్వనితోనే ఆగదు. మన వికారాబాద్ జిల్లా దామగుండంలో నౌకాదళ రాడార్ కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. రాడార్ అని పిలుస్తున్నా అది జలాంతర్గాములకు సందేశాలు పంపే కేంద్రం. ఇలాంటి కేంద్రాల్లో వాడేవి 3 నుంచి 30 కిలోహెర్ట్జ్‌ల అతితక్కువ పౌనఃపున్య రేడియో తరంగాలు. వాటి అల పొడవు 10 నుంచి 100 కిలోమీటర్లు. ఆ అలలను పంపడానికి ఎత్తైన స్తంభాలూ విశాలమైన నేలా కావాలి.

మరి ఒక సెంటీమీటరు వెడల్పున్న ఇయర్‌ఫోన్ ఏడు మీటర్ల అలను ఎలా ఇస్తుంది? దీనికి జవాబు తెలిస్తే మా వాడి సమస్య సగం తీరినట్టే.

కుక్కరు, గాస్కెట్టు

ఇయర్‌ఫోన్ గాలిలోకి అలను పంపాల్సిన పనే లేదు. రబ్బరు టిప్పు చెవి కాలువను బిగుతుగా మూసినప్పుడు ఇయర్‌ఫోన్‌కీ కర్ణభేరికీ మధ్య చిన్న గది ఏర్పడుతుంది. వినికిడి యంత్రాలను పరీక్షించేటప్పుడు ఆ గది స్థానంలో 2 ఘనసెంటీమీటర్ల గుల్లను వాడతారు. అంటే అరచెంచా కూడా నిండని గాలి. లోపలి పొర ముందుకు కదిలితే ఆ గాలి నలుగుతుంది, వెనక్కి వస్తే సడలుతుంది. ఆ పీడనం నేరుగా కర్ణభేరిని తాకుతుంది. అల పొడవుతో ఇక్కడ నిమిత్తం లేదు.

లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 94 డెసిబెల్లంటే గట్టి శబ్దమే. దానికి కావలసిన పీడనం మార్పు ఒక్క పాస్కల్. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనంలో అది లక్షవ వంతు. మూసిన 2 ఘనసెంటీమీటర్ల గదిలో అంత మార్పు తేవాలంటే 10 మిల్లీమీటర్ల వ్యాసమున్న పొర 0.2 మైక్రాన్లు కూడా కదలనక్కర్లేదు. తల వెంట్రుక మందంలో అది సుమారు 400వ వంతు. అదే 50 హెర్ట్జ్ శబ్దాన్ని ఆరుబయట నేల మీద పెట్టిన స్పీకర్‌తో ఒక మీటరు దూరానికి అంతే గట్టిగా పంపాలంటే దాదాపు 50 ఘనసెంటీమీటర్ల గాలిని ముందుకూ వెనక్కూ తోయాలి. మూసిన చెవిలో తోయాల్సిన దానికి అది 30 లక్షల రెట్లకు పైమాట.

ఇంత తేలిగ్గా బేస్ వచ్చేది గది మూసి ఉన్నంతవరకే. టిప్పు పక్కన ఒక మిల్లీమీటరు రంధ్రమంత సందున్నా చాలు. నెమ్మదిగా పెరిగే పీడనానికి బయటికి జారిపోయే వ్యవధి దొరుకుతుంది. వేగంగా మారే పీడనానికి ఆ వ్యవధి ఉండదు. కాబట్టి పై స్వరాలు నిలుస్తాయి, కొన్ని వందల హెర్ట్జ్‌ల దిగువన ఉన్నవన్నీ పలచబడతాయి. పాట వినిపిస్తుంది, దెబ్బ తగలదు.

ఇంట్లో కుక్కరుతో దీన్ని పోల్చుకోవచ్చు. గాస్కెట్టు వదులైతే ఆవిరి పక్కనుంచి పోతుంది, విజిల్ రాదు. అప్పుడు మంట పెంచుతూ పోతే గ్యాసు ఖర్చవుతుంది, అడుగంటుతుంది. పప్పు మాత్రం ఉడకదు. సందున్న ఇయర్‌ఫోన్‌కు ఆంప్ తగిలించడమంటే గాస్కెట్టు మార్చకుండా మంట పెంచడమే.

ఇది ఎవరైనా అరనిమిషంలో పరీక్షించుకోవచ్చు. పాట నడుస్తుండగా ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కి పట్టుకోండి. బేస్ ఒక్కసారిగా నిండితే లోపం ఫోన్‌లో లేదు, టిప్పులో ఉంది. ఇయర్‌ఫోన్ డబ్బాలో సాధారణంగా మూడు కొలతల టిప్పులు ఇస్తారు. చాలామంది అమర్చి వచ్చిన మధ్య కొలతతోనే సరిపెట్టుకుంటారు. కుడి చెవికీ ఎడమ చెవికీ వేర్వేరు కొలతలు కావలసి రావచ్చు. రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి పెడితే వంపు తిరిగిన చెవి కాలువ కాస్త నిటారవుతుంది, టిప్పు సరిగ్గా కూర్చుంటుంది. రబ్బరు నిలవకపోతే నలిపి పెట్టుకునే ఫోమ్ టిప్పులున్నాయి. చెవిలోకి దిగని, అంచున వేలాడే గుండ్రటి ఇయర్‌బడ్లలో మూసిన గది ఏర్పడదు కాబట్టి వాటికి బేస్ ఎప్పుడూ కష్టమే. జాలీ మీద గులిమి పేరుకుంటే శబ్దమంతా మసకబారుతుంది. దాన్ని పొడి మెత్తటి బ్రష్‌తో తుడవాలి.

ఆంప్ నిజంగా చేసే పని

గాలి సంగతి సరిచూశాక తీగ సంగతికి రావచ్చు. ఆంప్లిఫయర్ తన దగ్గరికి వచ్చిన విద్యుత్ సంకేతాన్ని అదే ఆకారంలో పెద్దది చేస్తుంది. మంచి ఆంప్ 50 హెర్ట్జ్‌నీ 5,000 హెర్ట్జ్‌నీ సమానంగా పెంచుతుంది. బేస్‌ను ఏరి పెంచడం దాని పని కాదు.

మనకెంత బలం కావాలి? ఇయర్‌ఫోన్ వివరాల్లో రెండు అంకెలుంటాయి. మొదటిది ఇంపెడెన్స్, అంటే సంకేతానికి ఇయర్‌ఫోన్ చూపే అడ్డు, ఓమ్‌లలో. రెండోది సెన్సిటివిటీ, అంటే ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్లు పలుకుతుందన్నది. 16 ఓమ్‌లు, 105 డెసిబెల్లు ఉన్న మామూలు ఇయర్‌ఫోన్ తీసుకుందాం. అరవోల్టు ఇచ్చే ఫోన్ దానికి సుమారు 15.6 మిల్లీవాట్లు అందించగలదు. లెక్కప్రకారం శబ్దం 117 డెసిబెల్లు. చెవికి అది ప్రమాదం. ఈ ఇయర్‌ఫోన్‌కు ఫోనే మిగులు బలం ఇస్తోంది. ఇంకా బలం కొనడం వృథా.

ఇప్పుడు 300 ఓమ్‌లు, 97 డెసిబెల్లు ఉన్న పెద్ద హెడ్‌ఫోన్ తీసుకుందాం. అదే అరవోల్టు దానికి ఒక మిల్లీవాట్ కూడా ఇవ్వలేదు, గరిష్ఠంగా 96 డెసిబెల్లు. అంకె పెద్దదిగానే ఉంది కదా అనిపించవచ్చు. కానీ శాస్త్రీయ సంగీత కచేరీ రికార్డింగులో మృదంగం దెబ్బ సగటు స్థాయి కన్నా 15 డెసిబెల్లు, ఒక్కోసారి ఇంకా పైకి లేస్తుంది. దెబ్బకు 96 కేటాయిస్తే సగటు 81 దగ్గర ఆగుతుంది. నెమ్మదిగా సాగే ఆలాపన ఇంకా కిందికి పోతుంది. ఇలాంటి హెడ్‌ఫోన్‌కు ఆంప్ అవసరమే.

బేస్ నిజంగా తీగలోనే పోయే సందర్భమూ ఉంది. వెనకటి పోర్టబుల్ ప్లేయర్లు చాలావాటిలో, చౌక పరికరాలు కొన్నింటిలో ఇప్పటికీ, హెడ్‌ఫోన్ దారిలో ఒక కెపాసిటర్ ఉంటుంది. నేరు విద్యుత్తును ఆపి సంకేతాన్ని వదలడం దాని పని. పౌనఃపున్యం తగ్గేకొద్దీ అది సంకేతానికీ అడ్డం పడుతుంది. 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌కు 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ తగిలిస్తే 100 హెర్ట్జ్ దగ్గర శక్తి సగానికి పడిపోతుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఐదో వంతే మిగులుతుంది. అదే ప్లేయర్‌కు ఆంప్ తగిలిస్తే ప్లేయర్‌కు ఎదురయ్యేది 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ కాదు, ఆంప్ లోపలి 10,000 ఓమ్‌ల ద్వారం. అప్పుడు శక్తి సగమయ్యే హద్దు 100 హెర్ట్జ్ నుంచి 0.16 హెర్ట్జ్‌కు దిగిపోతుంది. ఒక్క బేస్ స్వరం కూడా ఆగదు. ఆంప్ పెడితే బేస్ వస్తుందన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజమైంది ఇలాంటి పరికరాలకే.

1979 జులైలో సోనీ వాక్‌మన్ వచ్చి పాటను జేబులో పెట్టింది. ఆ తర్వాత దశాబ్దాల్లో చూ మోయ్ అనే ఆయన గీసిచ్చిన ఒక చిన్న ఆంప్ సర్క్యూట్ అభిరుచిగలవాళ్ళ మధ్య ప్రపంచమంతా తిరిగింది. దాన్ని సీమోయ్ అంటారు. 9 వోల్టుల బ్యాటరీ, ఒక ఆప్-ఆంప్ చిప్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు. పిప్పర్‌మెంటు బిళ్ళల రేకు డబ్బాలో అన్నీ ఇమిడిపోతాయి. టంకం పట్టడం నేర్చుకుంటున్న విద్యార్థికి ఇంతకన్నా మంచి మొదటి పాఠం దొరకదు.

కొనాలనుకుంటే

అన్నీ చూశాక ఆంప్ అవసరమే అని తేలితే మొదట చూడాల్సింది ఆంప్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్. అది ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటకూడదన్నది పాటించదగ్గ కొలమానం. 16 ఓమ్‌లకు 2 ఓమ్‌ల లోపు. కొన్ని ఇయర్‌ఫోన్లలో శబ్దం పుట్టించే డ్రైవర్లు రెండు మూడుంటాయి. వాటి ఇంపెడెన్స్ స్వరాన్ని బట్టి మారుతుంది. బేస్ దగ్గర 16, నడిమి స్వరాల దగ్గర 40 ఓమ్‌లున్న ఇయర్‌ఫోన్‌ను 10 ఓమ్‌ల ఔట్‌పుట్‌కు తగిలిస్తే నడిమి స్వరాలతో పోలిస్తే బేస్ 2 డెసిబెల్లకు పైగా తగ్గుతుంది. కొన్ని పెద్ద హెడ్‌ఫోన్లలో ఇందుకు వ్యతిరేకం జరుగుతుంది. బేస్ ఉబ్బుతుంది గానీ పొర మీద పట్టు తప్పి, దెబ్బ పడ్డచోట ఆగకుండా సాగుతుంది.

రెండోది, ఎన్ని మిల్లీవాట్లన్నది మీ ఇయర్‌ఫోన్ ఓమ్‌ల దగ్గర చూడాలి. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న అంకె వేరే ఓమ్‌ల దగ్గర కొలిచింది కావచ్చు. మూడోది, సంకేతాన్ని ఎన్నింతలు పెంచాలో తేల్చే గెయిన్ మీట. సున్నితమైన ఇయర్‌ఫోన్‌కు తక్కువ గెయిన్ చాలు. ఎక్కువ పెడితే పాట మొదలవకముందే ‘సుయ్’మనే రొద వినిపిస్తుంది.

నాలుగోది, బేస్ బూస్ట్ మీట. కావాలంటే అది వాడుకోదగ్గదే, కానీ దాని లెక్క తెలిసి ఉండాలి. 6 డెసిబెల్లు పెంచితే వోల్టేజీ రెట్టింపు, శక్తి నాలుగింతలు. అంత వోల్టేజీ లేకపోతే అల శిఖరాలు తెగి, దెబ్బ ‘చర్’మంటుంది. ఫోన్‌లోని ఈక్వలైజర్ ఇదే పని పైసా ఖర్చు లేకుండా చేస్తుంది. అక్కడ బేస్ 6 డెసిబెల్లు పెంచితే మొత్తం స్థాయిని ముందుగా 6 తగ్గించాలి. అలా చేస్తే శిఖరాలు తెగవు.

బ్లూటూత్ ఇయర్‌బడ్లు వాడేవాళ్ళు ఆంప్ ఆలోచనే మానుకోవచ్చు. వాటి ఆంప్ వాటిలోపలే ఉంటుంది, బయటిదాన్ని తగిలించే చోటు లేదు. హెడ్‌ఫోన్ జాక్ లేని ఫోన్లకు పెట్టే వేలెడు డాంగిల్‌లో డిజిటల్ సంకేతాన్ని మార్చే చిప్, చిన్న ఆంప్ రెండూ కలిసే ఉంటాయి. మామూలు ఇయర్‌ఫోన్‌కు అది సరిపోతుంది.

దుకాణంలో పోల్చి వినేటప్పుడు ఒక జాగ్రత్త. రెండు పరికరాల శబ్దస్థాయి సమానంగా పెట్టాకే పోల్చాలి. కాస్త గట్టిగా పలికేదే మేలైనదిగా చెవికి తోస్తుంది, అందులోనూ బేస్ విషయంలో. దీనికి కారణం చెవిలోనే ఉంది.

చెవి లెక్క వేరు

1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో హార్వే ఫ్లెచర్, వైల్డెన్ మన్‌సన్ ఏ స్వరం ఎంత గట్టిగా ఉంటే చెవికి సమానంగా తోస్తుందో కొలిచారు. శబ్దస్థాయి తగ్గేకొద్దీ చెవి బేస్‌ను మిగతా స్వరాలకన్నా త్వరగా వదిలేస్తుందని వాళ్ళ వక్రరేఖలు చూపాయి. నెమ్మదిగా పెట్టుకుంటే పాట పలచగా, గట్టిగా పెడితే నిండుగా అనిపించేది అందుకే. ఆంప్ పెట్టగానే ‘బేస్ వచ్చింది’ అనిపించడంలో చాలాసార్లు ఉన్నది ఇంతే. మొత్తం శబ్దం పెరిగింది, దాంతో చెవి బేస్‌ను గుర్తించింది.

బండెక్కగానే మరో ఇబ్బంది మొదలవుతుంది. చక్రాల దడదడ, పెట్టె అదురు, కిటికీ గాలి, వీటిలో ఎక్కువ బలం కింది స్వరాల్లోనే ఉంటుంది. అవే పాటలోని గుమ్మును కప్పేస్తాయి. ఇంట్లో బాగున్న ఇయర్‌ఫోన్ తాండూరు బండిలో బేస్ లేనిదైపోతుంది. అప్పుడు చెయ్యి వాల్యూమ్ మీదికి పోతుంది. బేస్ కోసం పెంచితే బేస్‌తోపాటు అన్నీ పెరుగుతాయి. చెవి లోపలి సన్నని రోమకణాలు దానికి మూల్యం చెల్లిస్తాయి. అవి చచ్చిపోతే మళ్ళీ మొలవవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్లు. ప్రతి 3 డెసిబెల్లకు ఆ సమయం సగమవుతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5 గంటలే. తాండూరులో రాయి కోసే, పాలిష్ పట్టే యంత్రాల మధ్య పగలంతా గడిపే చెవులు సాయంత్రానికి ఆ వారపు కోటాలో పెద్ద భాగం ఖర్చు చేసే ఉంటాయి. వాటికి ఇంటిదారిలో గట్టి పాట అప్పు మీద అప్పు. చెవులు మోగుతున్నా, మాట మసగ్గా వినిపిస్తున్నా ఆ రోజుకు పాట ఆపేయాలి. అవి తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించుకోవాలి.

బిగుతైన టిప్పు ఇక్కడ రెండు పనులు ఒక్కసారే చేస్తుంది. లోపలి గాలిని బయటికి పోనీయక బేస్‌ను నిలబెడుతుంది. బయటి రొదను లోపలికి రానీయక వాల్యూమ్ పెంచే అవసరాన్ని తగ్గిస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. అలా మూసిన చెవికి వచ్చే బండి కూత కూడా అందదు. ప్లాట్‌ఫారం అంచున, పట్టాలు దాటే చోట, రోడ్డు మీద ఇయర్‌ఫోన్లు చెవిలో ఉండకూడదు.

ఇదంతా మా వాడికి ఆ రోజు బండిలోనే చెప్పాను. ఇంటికెళ్ళి ఇయర్‌ఫోన్ డబ్బా వెతికాడట. పెద్ద టిప్పులు విప్పని కవరులోనే ఉన్నాయి. కుడి చెవికి పెద్దది, ఎడమ చెవికి పాత మధ్య కొలతే సరిపోయాయి. మర్నాడు బండిలో పాట పెట్టుకున్నాక చెవి దగ్గర వేలు పెట్టి నొక్కి చూశాడు. తేడా రాలేదు. తలూపి, “తగుల్తుంది మామా” అన్నాడు.

బండి కదిలింది, చక్రాల రొద మొదలైంది. వాడి వేలు వాల్యూమ్ మీటను రెండు గీతలు కిందికి దించింది. తాండూరులో దిగేముందు తీగ చుట్టి జేబులో పెట్టుకున్నాడు.